ఒక గొంతు ఇంకా వినబడలేదు

మునక తర్వాత నలభై ఒకటో ఏడు. జనవరి, తీత ఆదివారం.

స్తోత్రం. ఈ రోజు నా నోట నిప్పు కురిసింది.

పొద్దున్నే మందిరం తెప్ప కింద డ్రమ్ములకు పట్టిన గుల్లలు గీకి, చేతులు కడుక్కుని, గ్రంథం సంకలో పెట్టుకుని పైకెక్కాను. అప్పటికే బల్లలన్నీ నిండిపోయాయి. తీత ఆదివారం ఎప్పుడూ అంతే. వాక్యానికి రానివాళ్లు కూడా రొక్కానికి వస్తారు. మూడు నెలలకోసారి, ఈ తీత రోజున, ఊరి కోశంలోంచి కొన్ని నాణేలు అమ్మి, వచ్చిన రొక్కంతో ఉప్పునీటిని మంచినీళ్లు చేసే మరకు పొరలు, డీజిలు, బియ్యం, మందులు కొనుక్కుని బతికే ఊరు మా తెప్పలూరు. మాకు పొలాల్లేవు. ఉన్న పొలాలు మా తెప్పల కింద సముద్రం అడుగున ఉన్నాయి. వాటికి వచ్చిన పరిహారాన్ని మా పెద్దలు క్రిప్టో నాణేలు చేసి, తాళం వేసి వెళ్లిపోయారు.

కోశం చూసే వరదానం లేచి, నాణెం ధర ఏడాదిలో మూడింతలయిందని చెప్పాడు. కుర్రాళ్లు ఈలలు వేశారు. పెద్దల కట్టడ ప్రకారం ఏడాదికి కోశంలో పాతికో వంతుకు మించి తీయకూడదనీ, రెండేళ్ల ఖర్చుకు సరిపడా రొక్కం కరువు పెట్టెలో విడిగా ఉంచాలనీ, ధర పడిపోయిన ఏడు నాణేలు ముట్టకుండా ఆ పెట్టె తిని బతకాలనీ గుర్తు చేశాడు. గొంతు ఎత్తలేదు, దించలేదు. వరదానం ఎప్పుడూ అంతే, చావు కబురు చెప్పినా కూరగాయల ధర చెప్పినట్టే ఉంటుంది.

నాలో ఆత్మ రగిలింది. నాలుగు మైకు బాకాల మోతా పెంచించి లేచాను. "సోదరులారా! అరణ్యంలో ఆకాశం నుంచి మన్నా ఆహారం కురిసినప్పుడు రేపటికని దాచుకున్నవాడి గిన్నెలో ఏం కనబడింది? పురుగు! కంపు! ఈ కరువు పెట్టె ఏంటి? దేవుడి మీద మనకున్న అనుమానానికి మనం కట్టిన గుడి!" అన్నాను. బాకాలు ఆ మాటను నీళ్ల మీద నుంచి ఆఖరి వరస తెప్పల దాకా మోసుకెళ్లాయి. జనం లేచి నిలబడ్డారు.

అక్కడికక్కడే మొక్కు కట్టాం. కరువు పెట్టెలో రొక్కమంతా నాణేల్లో పెట్టాలి. ఈ తీతకు ఎంత వచ్చిందో ప్రతి తీతకూ అంతే రావాలి, ఇంటింటికీ అంతే పంచాలి, ధర ఏదైనా సరే.

మా తాళం తాళంచెవికి తెరుచుకోదు. కోశాధికారులు రాత్రికి రాత్రి పారిపోయిన ఊళ్లను చూసిన పెద్దలు, ఊళ్లో పెద్దవాళ్లందరి గొంతులూ అందులో ఎక్కించారు. కట్టడ మారాలంటే అందరూ ఆమేన్ అనాలి. మంచం పట్టినవాళ్ల కోసం ప్రతి ఇంటి గోడకూ తాళం వినే చెవి ఒకటి ఉంటుంది, నత్తగుల్లంత. అందులో అంటే చాలు. అందరం అన్నాం. పల్పిటు మీద తాళం పెట్టెలో పచ్చదీపం వెలిగింది. "అందరి గొంతులూ వినబడ్డాయి," అంది తాళం, దాని ఆడగొంతుతో.

వలలు ఆరేస్తుంటే వరదానం వచ్చాడు. "అన్నయ్యా, ఆ వాక్యం మన్నా కురిసే ఊరికండి. మనకి కురిసేది ఉప్పు జల్లు."

"నీ నోట్లో లెక్కలున్నాయిగానీ విశ్వాసం లేదు వరదానం."

"ఉందండి. ధర మీద లేదంతే."


ఏప్రిల్, తీత ఆదివారం.

ధర పడింది. సగం కన్నా కిందికి వచ్చింది. మొక్కు ప్రకారం తాళం తనంతట తనే అమ్మింది. అదే రొక్కం రావడానికి రెండింతలకు పైగా నాణేలు పోయాయి. ఇంటింటికీ వాటా మాత్రం ఒక్క పైసా తగ్గలేదు. జనం సంతోషంగానే ఉన్నారు. కుర్రాళ్లు పందెం పడవకు కొత్త మోటారు తెచ్చారు. ఆరోగ్యం పిన్ని తన వాటాతో ఒడ్డు నుంచి కేకు తెప్పించి, నాకో ముక్క పంపింది. తిన్నాను. బాగుంది.

నక్షత్రం కూరల పడవ ఇవాళ మందిరం పక్కనే ఆగింది. ఈవిడ పొద్దున్నే ఒడ్డుకెళ్లి కూరలు తెచ్చి తెప్ప తెప్పకూ తిరిగి అమ్ముతుంది. మొగుడు జీవరత్నానికి రెండు మూత్రపిండాలూ పోయాయి. ఇంట్లోనే రక్తం కడిగే యంత్రం పెట్టుకున్నారు, వారానికి మూడుసార్లు. ఒక్క కడుగుడికి ఒక ఇంటివాళ్లు వారమంతా వాడే మంచినీళ్లు కావాలి. నీళ్ల మర దగ్గర ఆవిడ బిందెలు వరసగా పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. అనరు గానీ, లెక్కపెడతారు. నేనూ లెక్కపెట్టాను, అది రాయడానికి నాకేం భయం లేదు.

"వంకాయలు లేతయ్యేనండి అయ్యగారూ, తీసుకోండి."

"ధర ఎంతమ్మా?"

"నాణెం ధర కాదులెండి, పడదు."


జులై, తీత ఆదివారం.

పరీక్ష వచ్చింది. నాణెం ధర జనవరిలో ఉన్నదాంట్లో మూడో వంతు అయ్యింది. కరువు పెట్టె రొక్కం నాణేలుగా మారి వాటితోపాటే కరిగింది. వరదానం బోర్డు మీద గీసి చూపించాడు: మొక్కు ఇలాగే నడిస్తే, ఈ ఏడు పుట్టిన పిల్లలు బడికి వెళ్లేసరికి కోశం అడుగు కనబడుతుంది. ధర పడినప్పుడు కూడా అంతే రొక్కం కావాలని పట్టుబడితే ఎక్కువ నాణేలు పోతాయి. పోయిన నాణేలు, ధర మళ్లీ లేచినా తిరిగి రావు. "రోగం వచ్చిన ఆవు దగ్గర కూడా రోజూ అన్ని చెంబులే పిండుతున్నామండి," అన్నాడు.

నేను గ్రంథం తెరిచాను. రాజుకొచ్చిన కలలో నది ఒడ్డున ఏడు బలిసిన ఆవులు, వాటిని మింగిన ఏడు బక్క ఆవులు. ఆ కల విన్నవాడు అవి ఏళ్లని గ్రహించి, బలిసిన ఏళ్లలో గోదాములు కట్టాడు. జనవరిలో నా కళ్లకు ఆ పేజీ ఎందుకు తగల్లేదో దేవుడికే తెలియాలి. నేను బోధకుణ్ని, చదువుకున్నది నా అంతట నేను, వలలు అల్లుతూ. గ్రంథంలో దాచమన్న చోటు ఉంది, దాచొద్దన్న చోటూ ఉంది. రెండూ నిజమే. ఏది ఎప్పుడో చెప్పడం నా పని, నేను ఒకటే చెప్పాను.

కాబట్టి లేచి, పెద్దల కట్టడకే తిరిగి పోదామన్నాను. పెట్టె ఖాళీ గనుక పాతికో వంతు తీతే దిక్కు, అది జనవరి దాంట్లో మూడో వంతుకు దిగుతుంది, ప్రతి ఇంటి వాటా సమానంగా తగ్గుతుంది, నీళ్లు కూడా మనిషికి ఇన్ని బిందెలని సమానంగా. కొంత గొణుగుడు తర్వాత ఒప్పుకున్నారు. అందరం ఆమేన్ అన్నాం.

పచ్చదీపం వెలగలేదు.

"ఒక గొంతు ఇంకా వినబడలేదు," అంది తాళం.

మళ్లీ అన్నాం, గట్టిగా. మళ్లీ అదే మాట. అందరూ మెడలు తిప్పి చూసుకున్నారు. నక్షత్రం లేచి నిలబడింది. చేతిలో తక్కెడ రాళ్ల సంచి అలాగే ఉంది.

"నాదేనండి. నేనననండి."

"ఎందుకనవమ్మా?"

"సమానంగా తగ్గిస్తే మీకు స్నానం తగ్గుద్దండి. నాకు మొగుడు తగ్గుతాడు."

అని, దిగి పడవెక్కి వెళ్లిపోయింది.


జులై, మూడో ఆదివారం.

ఇవాళ ప్రసంగం గురించి దాచకుండా రాస్తున్నాను.

గ్రంథంలో, శపితమైన సొత్తు డేరాలో పాతిపెట్టుకుని ఊరందరి ఓటమికీ కారణమైనవాడి సంగతి తీశాను. పేరు పెట్టి అనలేదు. పెట్టక్కర్లేకపోయింది. "ఒక్క ఇంటి కోసం వంద ఇళ్లు మునగాలా?" అని బాకాలు పగిలేలా అరిచాను. నాలుగో వాక్యం మధ్యలో నా గొంతులో ఏదో పుటుక్కుమంది, అయినా ఆపలేదు. రక్తం రుచి తగిలింది.

నక్షత్రం వెనక బల్ల మీదే కూర్చుంది. తల దించలేదు. ప్రసంగం అయ్యాక లేచి, "అయ్యగారూ, వంద ఇళ్లలో ముందు ఏ ఇంటిది తగ్గుద్దో ఒక్కసారి చెప్పండి, నేను కూర్చుంటాను," అంది.

జవాబు చెప్దామని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

"దేవుడే ఆపాడు," అంది ఆరోగ్యం పిన్ని, అందరికీ వినబడేలా. "చాలాకాలంగా చూస్తున్నాడు పాపం."


ఆగస్టు, మొదటి వారం.

ఆసుపత్రి పడవ డాక్టరమ్మ గొంతులో దీపం వేసి చూసి, నరం చిట్లిందంది. నెలరోజులు మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దంది. వలలు అల్లుతున్నాను. గ్రంథం పైకి చదవడానికి లేదు. మనసులో చదివితే వాక్యం వేరేగా ఉంటుంది. నా గొంతు అడ్డం లేక అక్షరాలు నన్నే చూస్తున్నాయి.

ఇవాళ జీవరత్నం ఇంటికి వెళ్లాను. నక్షత్రాన్ని ఒప్పించాలనే వెళ్లాను, సైగలతోనైనా సరే. ఆవిడ లేదు, ఒడ్డుకెళ్లింది. జీవరత్నం కుర్చీలో వాలి ఉన్నాడు. చేతినుంచి రెండు గొట్టాలు యంత్రంలోకి పోతున్నాయి. యంత్రం దోమ ముసిరినట్టు ఒకే పాట పాడుతోంది.

"ఆయ్, రండయ్యగారూ. కూర్చోండి. నేను లేవలేను, కట్టేశారు." నవ్వాడు. కాసేపు నా మొహం చూశాడు. "మీరు మాట్లాడలేరని చెప్తున్నానండి. మాట్లాడగలిగితే చెప్పేవోణ్ని కాదు. ఆ రోజు మా ఆవిడ ఆమేన్ అందండి. మందిరంలో, మీ ముందే. అననిది నేను."

గోడ మీద తాళం చెవిని చూపించాడు.

"అందులో అనాలి కదండీ. నోరు తెరిచాను. రాలేదు. రెండోసారీ తెరిచాను." కళ్లు యంత్రం మీదికి తిప్పాడు. "నాకు బతకాలనుందండి. ఊరి నీళ్లలో ఇన్ని నేనే తాగేత్తన్నాను, వయసైపోయింది, ఇంకా బతకాలనుందని నలుగురి ముందూ ఎలా చెప్తామండి? సిగ్గేసింది. తను ఇంటికొచ్చి నా మొహం చూసింది. అంతకుముందే మందిరంలో లేచి నింద నెత్తినేసుకుందంట. ఎవరిదో ఎవరూ చెప్పకుండానే దానికి తెలిసిపోయింది."

నేను ఎవర్ని శపించానో అప్పుడు తెలిసింది. ఆమేన్ అన్న మనిషిని.

నక్షత్రం వచ్చింది. గుమ్మంలో నన్ను చూసి బుట్ట దించకుండానే, "ఏంటండీ, ఇంటికొచ్చి కూడా శపిస్తారా? గొంతు బాగుపడిందా?" అంది.

"చెప్పేశానే," అన్నాడు జీవరత్నం.

ఆవిడ బుట్ట దించింది. చెంగుతో మొహం తుడుచుకుంది, ఎక్కువసేపు. "చెప్పేత్తే చెప్పేశావులే. మందేసుకున్నావా? అదీ చెప్పు." తర్వాత నా వైపు తిరిగి, "అయ్యగారూ, నేనడిగిన దానికి జవాబింకా రాలేదండి. తగ్గించొద్దనట్లేదు. కోశం అయిపోతే ఈయనా పోతాడు, అందరం పోతాం, నాకు తెలుసు. ముందు ఎవరిది తగ్గుద్దో అది చెప్పరేం?"

దండం పెట్టి వచ్చేశాను.


ఆగస్టు, అదే వారం, మర్నాడు.

నీళ్ల మర దగ్గర బిందెల వరసలో నిలబడి ఆలోచించాను. మాట్లాడలేనివాణ్ని ఎవరూ పలకరించరు, ఆలోచనకు అది మంచిది.

పాతికో వంతు అనేది ఎంత తీయాలో చెప్తుంది. ఎవరికి ముందు అన్నది చెప్పదు. తీసేది తగ్గాల్సిందే, అందులో వరదానం మాట తప్పు కాదు. కానీ ఎవరిది ముందు తగ్గాలో చెప్పకుండా వేసిన కోత నడుచుకుంటూ వెళ్లి అందరికన్నా బలహీనుడి ఇంటి ముందే ఆగుతుంది. దాన్ని మనం సమానం అని పిలుస్తున్నాం.

ఇంటికొచ్చి మన్నా అధ్యాయం మళ్లీ తీశాను. పురుగు పట్టిన వచనం దగ్గర నా వేలి మరకలే ఉన్నాయి. దానికి కాస్త పైన, నేనెప్పుడూ ఆగని చోట, ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదనీ తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ పడలేదనీ ఉంది. ఎవరి డేరాలో ఎంత అవసరమో అంత. ప్రభువా, అది అంతకాలం అక్కడే ఉంది. నేను పురుగు దాకా పరుగెత్తాను.

వరదానం ఇంటికి గ్రంథం పట్టుకెళ్లి ఆ చోటు వేలితో చూపించాను. చదివాడు. బోర్డు తెచ్చాడు. ఇద్దరం భోజనం మరిచిపోయాం.


సెప్టెంబరు, మొదటి ఆదివారం.

సంఘం కూడింది. నాకు ఇంకా పూచికపుల్లంత గొంతే వచ్చింది. నేను వరదానం చెవిలో చెప్పడం, అతను పైకి చెప్పడం.

"అయ్యగారు ఏమంటున్నారంటే... ఇది నా మాట కాదండి, ఆయనదే... జనవరిలో వాక్యం సగమే చెప్పారంట. మిగతా సగం ఇవాళ చెప్తారంట." మళ్లీ వంగి విన్నాడు. "నక్షత్రమ్మ గారికి అందరి ముందూ క్షమాపణ చెప్తున్నారంట. ఏ ఇంట్లో ఎవరు ఆమేన్ అనలేదో అడిగే హక్కు ఎవరికీ లేదంట." ఇంకోసారి విన్నాడు. "ఇంకా ఏదో అన్నారు, నన్ను తిట్టారు, అది చెప్పక్కర్లేదు."

జనం నవ్వారు. నక్షత్రం నవ్వలేదు గానీ తక్కెడ సంచి కింద పెట్టింది.

అప్పుడు కొత్త మొక్కు చదివాడు. ఏడాదికి కోశంలో ఉన్నదాంట్లో పాతికో వంతే. వచ్చినదాంట్లో ముందు ఉప్పునీటి మర పొరలు, రోగుల నీళ్లు, మందులు, తర్వాత అందరి తాగునీళ్లు, బియ్యం. మిగిలితేనే మిగతావి. ధర లేచిన ఏడు మొదట కరువు పెట్టె నిండాలి, అది నిండేదాకా పండగ లేదు. పడిన ఏడు పెట్టె తినాలి, నాణేలు ముట్టకూడదు. ఇప్పుడు పెట్టె ఖాళీ కాబట్టి అది నిండేదాకా ఆ పాతికో వంతే దిక్కు, కష్టం కొంతకాలం ఉంటుంది, అబద్ధం చెప్పను.

"ఒక్కటి మిగిలింది," అన్నాడు వరదానం. "ముందు ఎవరిది తగ్గుద్దో ఎవరికి వాళ్లే లేచి తాళం వినేలా చెప్పాలి. చెప్పకపోతే మొక్కు కట్టనంటున్నారు అయ్యగారు."

అందరికన్నా ముందు నేనే లేచి నాలుగు బాకాల వైపూ చూపించాను. వాటి జనరేటరు ఎంత డీజిలు తాగుతుందో వరదానం ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్నాడు, నేను చెప్పనిచ్చేవాణ్ని కాదు.

"బాకాలా?" అంది ఆరోగ్యం పిన్ని. "ఇది మీకు కోతా, మాకు పండగా?" అని, తను లేచింది. "నా కేకు. పోనియ్యండి. పళ్లు కూడా సగమే ఉన్నాయి."

ఆ తర్వాత ఆగలేదు. పందెం పడవ మోటారు. వరదానం జీతంలో సగం. ఎవరిదో ఐసు పెట్టె. ఎవరిదో రంగుల దీపాలు. ఒకావిడ తన పేరు పెట్టించుకోవాలనుకున్న మందిరం గంట. గోడ చెవుల్లోంచి ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా చెప్పారు. ఆఖరున జీవరత్నం గొంతు వినబడింది, కొంచెం గరగరగా:

"నా వంతు కొబ్బరినీళ్లండి. ఎలాగూ డాక్టరమ్మ తాగొద్దంది."

మందిరం తెప్ప ఊగిపోయేంత నవ్వు. నక్షత్రం కూడా చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆమేన్ అన్నాం.

"ఒక గొంతు ఇంకా వినబడలేదు," అంది తాళం.

నవ్వు ఆగిపోయింది. అందరూ నక్షత్రం వైపు చూశారు. ఆవిడ చేతులు చాచి, "నేనన్నానండి! ఇంట్లో ఈయనా అన్నాడు, విన్నారు కదా!" అంది. వరదానం పెట్టె మీదికి వంగి, తలెత్తి నన్ను చూశాడు.

"అన్నయ్యా, మీదేనండి."

తాళంలో ఉన్నది ఎప్పుడో ఎక్కించిన నా పాత గొంతు. అరవడానికి పోయాను, రాలేదు. ఇంకోసారి కూడా రాలేదు. పెట్టెకు దగ్గరగా వెళ్లి, నోరు ఆనించి, ఇంట్లో అన్నం పెట్టమని అడిగినట్టు ఆమేన్ అన్నాను. నేను బోధకుణ్ని కాకముందు అలాగే మాట్లాడేవాణ్ని కాబోలు. పచ్చదీపం వెలిగింది.


అక్టోబరు, తీత ఆదివారం.

ధర ఇంకా పడింది. తీత ఇంకా చిన్నది. పొరలు వచ్చాయి, మందులు వచ్చాయి, బియ్యం వచ్చింది. ఆపైన ఏమీ రాలేదు. రెండు ఇళ్లవాళ్లు ఒడ్డుకు కూలికి పోతున్నారు. నా వలలకు కూలీ చేపలతో ఇస్తున్నారు. ధర ఎప్పుడు లేస్తుందని అడిగితే వరదానం భుజాలెగరేస్తాడు. ఎప్పుడు లేచినా అమ్మకుండా మిగిలిన నాణేలే లేస్తాయంటాడు. అవి ఈసారి మిగిలాయి.

బాకాలు విప్పి ఒడ్డున అమ్మేశాం. బల్లలు ముందుకు జరుపుకోవలసి వచ్చింది. వెనక వరస ఖాళీ. అంత దగ్గర నుంచి మొహాలు చూస్తూ బోధించడం కష్టం. అరవలేం.

ప్రసంగం మధ్యలో ఊపిరికి ఆగాను. ఆ ఖాళీలో ఒక సన్నని పాట వినబడింది. మూడో వరస తెప్పల నుంచి, నీళ్ల మీదుగా. జీవరత్నం యంత్రం. ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారం అది ఈ వేళకే నడుస్తోందట, నక్షత్రం చెప్పింది. బాకాల కింద ఎవరికీ వినబడలేదు.

తరువాతి వాక్యం చదవబోయి ఆగాను. నక్షత్రం తల కొంచెం వంచి వింటోంది, పొయ్యి మీద అన్నం ఉడుకు వినే మనిషిలా. గ్రంథం నా చేతుల్లో తెరిచే ఉంది. అందరం విన్నాం.

చివరికి పాట ఆగి, కడుగుడు అయిపోయిందని యంత్రం గంట కొట్టింది. నక్షత్రం ఊపిరి వదిలింది.

"ఆమేన్," అంది ఆరోగ్యం పిన్ని, మామూలుగా.

మేమూ అన్నాం. గోడ చెవుల్లోంచి ఇళ్లలో ఉన్నవాళ్లూ అన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు, మార్చవలసిన కట్టడ కూడా లేదు. అయినా పల్పిటు మీద పచ్చదీపం వెలిగింది.

"అందరి గొంతులూ వినబడ్డాయి," అంది తాళం.